చదరంగపు యంత్రమునకు పరీక్ష

చదరంగమాడు కంప్యూటరు ప్రోగ్రామును వ్రాసిన ఒకడు దానిలో చిన్న మార్పు చేసినాడనుకొందము. బల్ల నడుమ నిలిచిన గుఱ్ఱమునకు మునుపటికంటె కొంచెము ఎక్కువ విలువ నిచ్చినాడు. ఇప్పుడా ప్రోగ్రాము మునుపటికంటె బాగుగా ఆడుచున్నదా? పాతదానిని, క్రొత్తదానిని ఎదురెదురుగా ఆడించినచో తేలిపోవునుగదా అని విద్యార్థి అనవచ్చును. తేలును, కాని ఎన్ని ఆటలకు తేలును? చిక్కంతయు అక్కడనే యున్నది.

విలువ యనగానేమో ముందు చెప్పవలెను. ప్రోగ్రాము తన ఎత్తును, దానికి ఎదుటివాడు వేయగల ఎత్తులను, మరల తన జవాబులను, ఇట్లు చెట్టు కొమ్మలవలె చీలిపోవు మార్గములను వెదకి, ఒక్కొక్క కొమ్మ చివర ఏర్పడు స్థితికి ఒక అంకె వేయును. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1950లో ప్రచురించిన వ్యాసమున ఈ పద్ధతిని వివరించుచు, మంత్రికి 9, ఏనుగునకు 5, శకటునకును గుఱ్ఱమునకును 3, బంటునకు 1 చొప్పున విలువలు సూచించెను.

ఇక ఆటగాని బలమును కొలుచు పద్ధతి. దీనిని రూపొందించినవాడు ఆర్పాడ్ ఎలో. హంగెరీలో పుట్టి, అమెరికాలో భౌతికశాస్త్రము బోధించినవాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయన పద్ధతిని 1970లో స్వీకరించినది. మన ఓరుగల్లు యువకుడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2801 రేటింగు పొందెనన్నది ఈ లెక్క ప్రకారమే. ఇందులో అంకెకంటె అంకెల భేదము ముఖ్యము. గెలుపునకు ఒక మార్కు, డ్రాకు అరమార్కు వేయుదము. ఇద్దరి మధ్య భేదము 200 అయినచో, బలవంతునకు నూరాటలలో సగటున 76 మార్కులు వచ్చును. భేదము 5 మాత్రమే అయినచో 50.7 వచ్చును. పక్వమునకు వచ్చిన ప్రోగ్రాములో ఒక మంచి మార్పు తెచ్చు లాభము సాధారణముగా ఈ రెండవ జాతిది.

క్రొత్త ప్రోగ్రాము నూరాటలలో 54 మార్కులు తెచ్చుకొన్నదనుకొనుడు. రచయితకు సంతోషము కలుగును. కాని తొందరపడరాదు. ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రయోగము చేయింపవచ్చును. నలుబదిమంది పిల్లలచేత తలకొక నాణెమును నూరుమార్లు ఎగురవేయించి, ఎన్ని బొమ్మలు పడెనో నల్లబల్లమీద వ్రాయింపుడు. సుమారు ఏడుగురికి 55గాని అంతకు మించిగాని పడును. ఒకరికి 60 పడినను ఆశ్చర్యము లేదు. ఆ పిల్లల నాణెములు తక్కినవారి నాణెములకంటె మేలైనవి కావుగదా! చదరంగములో డ్రాలుండుటచేత ఈ ఊగిసలాట కొంత తగ్గును. సగము ఆటలు డ్రా అగునని లెక్కించినచో, సమానబలముగల రెండు ప్రోగ్రాముల నడుమ నూరాటలలో ఇటు అటు 7 మార్కుల వరకు తేడా రావచ్చును. నూటికి 95 పర్యాయములు ఫలము ఆ మేరలోనే యుండును. కనుక 54 అన్న అంకె మనకు చెప్పునది బహు స్వల్పము.

ఆటల సంఖ్య పెంచినచో ఈ అనిశ్చయము తగ్గును. కాని దాని వర్గమూలమును బట్టి మాత్రమే తగ్గును. ఆటలు నూరురెట్లు చేసిన అనిశ్చయము పదోవంతగును. పదివేల ఆటలాడించినచో అది నూటికి 0.7 మార్కులు, అనగా రేటింగులో సుమారు 5 పాయింట్లు. అందులో సగము భేదమును గుర్తింపవలెనన్న నలుబదివేల ఆటలు కావలెను. భేదము పెద్దదైనచో ఇంత శ్రమ అక్కరలేదు. 1980 ప్రాంతమున కెన్ తామ్సన్ తన ‘బెల్’ యంత్రమును, ఒక ఎత్తు తక్కువ లోతున వెదకు దాని జోడుతో ఆడించి చూడగా, ఒక్కొక్క అదనపు ఎత్తునకు సుమారు 200 పాయింట్ల బలము పెరిగినట్లు కనబడెను. అంతటి తేడాను చూపుటకు కొలది ఆటలే చాలును.

వేలకొలది ఆటలను ఆడించుటకు యంత్రములెక్కడివి? స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రామునకు 2013లో గ్యారీ లిన్‌స్కాట్ ‘ఫిష్‌టెస్ట్’ అను ఏర్పాటు చేసెను. లోకమందలి అభిమానులు తమ కంప్యూటర్ల తీరిక వేళలను దీనికి దానమిత్తురు. మొదట ఆటకు పది సెకండ్లు, ఎత్తుకు పదోవంతు సెకను చొప్పున పరీక్షింతురు. నెగ్గిన మార్పును ఆరురెట్ల వ్యవధితో మరల పరీక్షింతురు. పొట్టి ఆటలో నెగ్గి పొడుగు ఆటలో ఓడు మార్పులు గలవు. ఎప్పుడును మొదటి స్థితినుండియే ఆడించినచో ఒకే విధమైన ఆటలు వచ్చును. పైగా బలమైన ప్రోగ్రాములకు దాదాపు అన్నియు డ్రాలే. అందుచేత ఒక పక్షమునకు కొంత మొగ్గున్న ప్రారంభ స్థితులను ఎంచి, ఒక్కొక్కదానిని రంగులు మార్చి రెండుమార్లు ఆడింతురు.

ఆటల సంఖ్యను ముందుగా నిర్ణయింపరు. ఫలితము స్పష్టమైన క్షణమున పరీక్షను ఆపివేయుదురు. చెడ్డ మార్పు త్వరగా తొలగిపోవును; సందేహాస్పదమైనది లక్ష ఆటలు కూడ తినివేయవచ్చును. ఈ ‘క్రమానుగత పరీక్ష’ రెండవ ప్రపంచయుద్ధకాలమున అబ్రహాం వాల్డ్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు కనుగొన్నది. తయారైన యుద్ధసామగ్రిని తక్కువ నమూనాలతో తనిఖీ చేయుటకు అంతగా ఉపయోగపడుటచే, యుద్ధము ముగియువరకు దానిని రహస్యముగా ఉంచిరి. ఉపన్యాసములీయుటకు మన దేశమునకు వచ్చిన వాల్డ్, 1950 డిసెంబరులో నీలగిరి కొండలలో జరిగిన విమానప్రమాదమున మరణించెను.

పరీక్షకు వచ్చిన ఊహలలో అధికభాగము ఓడిపోవును. అనుభవజ్ఞులు తప్పక మేలు చేయునని తలచినవి కూడ అందులో నుండును. 2020లో స్టాక్‌ఫిష్‌లో నాడీజాలము ప్రవేశించినది. గుఱ్ఱమునకు ఇంత విలువయని మనుష్యుడు చేతితో వ్రాయుట పోయి, యంత్రము తానే నేర్చిన లక్షలాది సంఖ్యలు ఆ పని చేయుచున్నవి. అయినను క్రొత్త జాలము పాతదానితో ఆ వేలాటలు ఆడి నెగ్గవలసినదే. ఇందు మరియొక చిక్కు గలదు. తన పాత రూపముతో ఆడినపుడు కనబడిన లాభము ఇతర ప్రోగ్రాములతో ఆడునపుడు చాలవరకు చిన్నదిగా తేలును. ఇరవై పాయింట్లు పెరిగినదని చెప్పినచో, ఎవరితో ఆడి పెరిగినదో, ఎంత వ్యవధితో ఆడినదో అడిగి తెలిసికొనవలెను.