గ్రంథాలయ సేవ

గుంటూరు పట్టణము చుట్టును శీతల గిడ్డంగులు అనేకములు కలవు. కల్లములలో ఎండిన మిరపకాయలను రైతులు టిక్కీలకెత్తి ఆ గిడ్డంగులకు చేర్తురు. చల్లదనమువలన కాయల వన్నె త్వరగా తరుగదు. ధర పెరిగినప్పుడు వానిని బయటికి తీసి యమ్ముదురు. గ్రంథాలయమును గూడ ఇట్టి గిడ్డంగియే యని తలచువారు కొందఱు కలరు. అది పొరపాటు. బీరువాలో పెట్టి తాళము వేసిన పుస్తకము చిరుగకుండ వచ్చును గాని, దానివలన ఎవరికిని ప్రయోజనము లేదు. సరుకు విలువ దాచుటచేత నిలుచును. పుస్తకము విలువ పంచుటచేత పెరుగును. కావున గ్రంథాలయమున నెన్ని పుస్తకము లున్నవని కాక, అవి ఎందఱి చేతులలోనికి పోవుచున్నవని యడుగవలెను.

ఈ సత్యమును శాస్త్రరూపమున నిలిపినవాడు శియాలి రామామృత రంగనాథన్. ఆయన 1892లో తమిళదేశమున జన్మించెను. మొదట గణితశాస్త్రము బోధించి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యయ్యెను. 1931లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఐదు సూత్రములు ప్రతిపాదించెను. పుస్తకము వాడుక కొఱకే యున్నదనియు, చదువగోరు ప్రతివానికిని తగిన పుస్తక మందవలెననియు, ప్రతి పుస్తకమునకును తగిన పాఠకుని వెదకవలెననియు, చదువరి కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము చెట్టువలె నిత్యము పెరుగుచుండవలెననియు వాని సారము.

ఈ సూత్రములు వెలువడుటకు ముందే ఆంధ్రదేశమున సామాన్య ప్రజలు వానిని ఆచరణలో చూపియుండిరి. 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగు పెద్దలు ఆ యుద్యమమునకు జీవితములను ధారపోసిరి. కార్యకర్తలు యాత్రలుగా బయలుదేరి, ఊరూర సభలు జరిపి, చదువు ఆవశ్యకతను బోధించిరి. దేవుని దర్శనమునకు యాత్ర చేయుట లోకమునకు తెలిసినదే. అక్షరమును ఇంటింటికి చేర్చుటకు యాత్ర చేయుట క్రొత్త సంగతి.

చీరాలకు సమీపముననున్న వేటపాలెము నేతకు పేరొందిన గ్రామము. అది నాడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు అందు చేరెను. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. ఆ గ్రామమున 1918లో వెలసినది సారస్వత నికేతనము. 1929లో మహాత్మాగాంధి దాని నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱను ఆ గ్రంథాలయము నేటికిని భద్రపఱచుచున్నది. ఆ గ్రంథాలయము చేసిన మఱియొక మంచి పని కలదు. మనము వార్తాపత్రికను ఒకనాడు చదివి మఱునాడు పొట్లములు కట్టుటకు వాడుదుము. వేటపాలెమువారు అట్లు చేయక, పత్రికలను వరుసగా కూర్చి దాచిరి. నేడు ఆ కాలపు చరిత్ర వ్రాయగోరు పరిశోధకులు వానికొఱకు ఆ గ్రామమునకు దూరప్రాంతములనుండి వచ్చుచున్నారు. పట్టణమునకు పోయి చదువవలసిన కాలమున పట్టణములవారినే తన కడకు రప్పించుకొన్న గ్రామ మది.

గ్రంథాలయమునకు నడచి రాలేనివారి మాట యేమి? దీనికి సమాధానము కృష్ణా కాలువమీద దొరికెను. 1935లో పాతూరి నాగభూషణము పడవలలో గ్రంథాలయమును నడపుట కారంభించెను. ఆ రోజులలో డెల్టా గ్రామములకు కాలువలే రహదారులు. ధాన్యమును, మనుష్యులను మోయు నీటిదారిపై పుస్తకములును ప్రయాణము చేసినవి. కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువగట్టు పల్లెలవారికి ఈ రీతిగా పుస్తకము లందెను. పాఠకుడు పుస్తకమును వెదకికొని పోవుట లోకమర్యాద. ఇచ్చట పుస్తకమే పాఠకుని వెదకికొని వచ్చెను. పెద్ద భవనము లేకున్నను, సంకల్పమున్నచో సేవ సాగునని ఆ పడవ నిరూపించెను.

ఇక కళాశాలా గ్రంథాలయమును గూర్చి తెలిసికొందము. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో నారంభమయ్యెను. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోను, గుంటూరు విజయవాడల నడుమ నాగార్జున విశ్వవిద్యాలయము 1976లోను స్థాపింపబడినవి. కళాశాలకు తరగతిగది యెంత యవసరమో, గ్రంథాలయము నంతే యవసరము. తరగతిలో ఉపాధ్యాయుడు ఒక త్రోవను చూపును. ఆ త్రోవ ఎచ్చటెచ్చట చీలునో, ఏ చీలిక ఎచ్చటికి పోవునో తెలిసికొనవలెనన్నచో విద్యార్థి గ్రంథాలయమునకు పోవలసినదే.

వేలకొలది పుస్తకములలో కావలసినది క్షణములో దొరకుట ఎట్లు? ఇందులకు అమెరికా దేశీయుడైన మెల్విల్ డ్యూయీ 1876లో దశాంశ పద్ధతిని ప్రకటించెను. ఆయన జ్ఞానమునంతను పది తరగతులుగా విభజించి, ఒక్కొక్కదానికి నూఱు అంకెలు కేటాయించెను. మనకు తెలిసిన ప్రత్తినే యుదాహరణముగా తీసికొందము. 600 అంకె ప్రయోగ విద్యలకు చెందినది. అందు 630 వ్యవసాయము, 633 పొలము పైరులు, 633.5 నారనిచ్చు పైరులు; 633.51 ప్రత్తి. మఱి అదే ప్రత్తి మగ్గము చేరి వస్త్రమైనచో దానిని గూర్చిన పుస్తకము 677.21 అంకె క్రింద నుండును. రైతునకు కావలసిన ప్రత్తి ఒకచోట, నేతగానికి కావలసిన ప్రత్తి వేఱొకచోట నుండును. ఈ క్రమము నెఱిగినవాడు ఏ దేశమున, ఈ పద్ధతి ననుసరించు ఏ గ్రంథాలయమున అడుగిడినను, దారి తప్పిన బాటసారివలె తిరుగవలసిన పని లేదు.

పుస్తకములు ఎరువిచ్చుట గ్రంథాలయ సేవలలో మొదటిది మాత్రమే. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వములు, పటములు అచ్చటనే కూర్చుండి చూచుటకు వేఱుగా నుంచబడును. శాస్త్ర పత్రికలు, దినపత్రికలు చదువుటకు ప్రత్యేకమైన గది యుండును. తన సందేహమునకు సమాధానము ఏ పుస్తకమున నున్నదో తెలియని విద్యార్థికి గ్రంథాలయాధికారి సాయపడును. ఖరీదైన పాఠ్యపుస్తకములను కొనలేని పేద విద్యార్థులకు సంవత్సరమంతయు నుంచుకొనుటకు పుస్తకములిచ్చు పుస్తకనిధులు కొన్ని కళాశాలలలో కలవు. తమయొద్ద లేని పుస్తకమును మఱియొక గ్రంథాలయమునుండి తెప్పించుటయు నొక సేవయే. ఈ కాలమున కంప్యూటరు ద్వారా దూరదేశముల శాస్త్ర పత్రికలను గూడ చదువగలుగుచున్నాము. పడవ చేసిన పనినే నేడు విద్యుత్తంత్రులు చేయుచున్నవి.

ఇదంతయు పరీక్షలలో మార్కుల కొఱకే యని తలపవలదు. 2021వ సంవత్సరమున మన మిరప తోటలకు పెద్ద యాపద వచ్చెను. నల్ల తామర పురుగు గుంపులు గుంపులుగా పూవులలో చేరి రసమును పీల్చెను. పూత రాలిపోయెను, కాయ నిలువలేదు. రైతులు మందుపై మందు చల్లిరి, పురుగు లొంగలేదు, అప్పులు మాత్రము పెరిగెను. కొందఱు దుఃఖముతో పైరునే పెరికివేసిరి. శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది అంతకుముందు ఈ తోటలను బాధించిన తామర పురుగు కాదనియు, వేఱొక జాతి యనియు నిర్ధారించిరి. దాని శాస్త్రనామము త్రిప్స్ పార్విస్పైనస్. కాని యది శాస్త్రమునకు క్రొత్తది కాదు. 1922లోనే కార్నీ యను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించియుండెను. మనదేశమున బెంగుళూరు ప్రాంతమున బొప్పాయి మొక్కలపై అది కనబడినట్లు 2015లో శాస్త్ర పత్రికయందు ప్రకటింపబడెను.

గ్రంథాలయమే ఆ తోటలను రక్షించెడిదని చెప్పరాదు. పురుగును గుర్తించుటకు నిపుణుడు కావలెను. నివారణకు ప్రయోగములు కావలెను. అయినను ఒక సంగతి విచారింపదగియున్నది. ఆ పురుగు పేరును, రూపమును, తిరిగిన తావులును అచ్చులో నున్నవి. తోటలో నిలిచి బాధపడిన రైతునకు మాత్రము అవి తెలియవు. అచ్చునకును తోటకును నడుమ దూరము మిగులుటయే ఇచ్చటి లోపము. ఆ దూరమును తగ్గింపగలవారిలో కళాశాలలో చదువు రైతుబిడ్డ యొకడు. పగలు గ్రంథాలయమున చదివిన దానిని రాత్రి యింట తండ్రికి తెలుగులో చెప్పగలవాడు అతడే. తెలియని పురుగు కనబడినప్పుడు అంగడివాని మాట విని మందు కొనుటకు ముందు, దానిని వ్యవసాయ శాస్త్రజ్ఞులకు చూపవలెనని చెప్పగలవాడును అతడే.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. కళాశాలా గ్రంథాలయము తన విద్యార్థులకే పరిమితము కావలెనా, ఊరివారికిని తలుపు తెఱువవలెనా? బయటివారికి పుస్తకములిచ్చినచో అవి తిరిగి రావనియు, చెల్లించినవారి విద్యార్థిత్వమునకు నష్టమనియు కొందఱందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. పుస్తకము పోయినచో తరువాత వచ్చు పాఠకుడు నష్టపడును. అయినను ఇంటికి ఇయ్యకున్నను అచ్చటనే చదువనిచ్చుట, సెలవు దినములలో పుస్తక ప్రదర్శన జరుపుట, వ్యవసాయమును గూర్చియు ఆరోగ్యమును గూర్చియు ఉపన్యాసము లేర్పాటుచేసి ఊరివారిని పిలుచుట అసాధ్యములు కావు. ప్రతి సంవత్సరము నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములు ఇట్టి కార్యములకు తగిన యదను.

ప్రజా గ్రంథాలయముల పోషణకై 1960లో ఆంధ్రప్రదేశమున చట్టము వచ్చెను. దాని ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును గూడ ప్రజలు చెల్లించుచున్నారు. అనగా అక్షరము రానివాడును మన పుస్తకములకు ధనమిచ్చుచున్నాడు. ఆ ఋణమును మనము తీర్పవలెను. పుస్తకమును శుభ్రమైన చేతులతో పట్టుట, పుటలు మడవకుండుట, బొమ్మలు చింపకుండుట, గడువులోపల తిరిగి యిచ్చుట మన కనీస ధర్మములు. వీనికంటె గొప్ప ధర్మ మొకటి కలదు. మీరు చదివినదానిలో మంచి మాట ఒక్కటియైనను చదువలేనివారికి చెప్పుడు. పడవ చేరలేని యిల్లు కలదు గాని, చదువుకొన్న బాలుని మాట చేరలేని యిల్లు లేదు.