డిస్క్ డీఫ్రాగ్ షెడ్యూల్: మీ ఇంటి పీసీ టైమింగ్స్‌కి తగ్గట్టు సెట్ చేసుకోవడం ఎలా?

"డీఫ్రాగ్ ఇంకా ఎవరు చేస్తున్నారు బ్రో?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మీ పీసీలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, మీరు చేయకపోయినా విండోస్ చేస్తూనే ఉంటుంది. లేదా వారం వారం చేయాలని చూసి, కుదరక వదిలేస్తూ ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే. కారణం చాలా సింపుల్. విండోస్ 8 నుంచి ఈ పని "ఆటోమేటిక్ మెయింటెనెన్స్"లో భాగం అయిపోయింది, దాని డీఫాల్ట్ టైమ్ రాత్రి 2 గంటలు. రాత్రి రెండింటికి మన ఇంట్లో డెస్క్‌టాప్ ఆన్‌లో ఉంటుందా? పడుకునే ముందు స్విచ్ బోర్డు దగ్గరే ఆఫ్ చేసేస్తాం కదా.

టైమ్ మిస్ అయితే విండోస్ ఊరికే వదిలేయదు. తర్వాత పీసీ ఆన్ చేసి ఖాళీగా ఉంచినప్పుడు మళ్లీ ట్రై చేస్తుంది. మీరు మౌస్ కదిపితే ఆగిపోతుంది. కానీ మన వాడకం ఎలా ఉంటుంది? ఆన్ చేస్తాం, గేమ్ ఆడతాం లేదా ప్రాజెక్ట్ వర్క్ చేస్తాం, షట్‌డౌన్ చేస్తాం. మధ్యలో ఖాళీ ఎక్కడ? మా బాబాయి వాళ్ల ఇంట్లో ఒక టీబీ హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్ సరిగ్గా ఇలాంటిదే. స్క్రీన్ మీద "షెడ్యూల్డ్ ఆప్టిమైజేషన్: ఆన్" అని చక్కగా ఉంటుంది. పక్కన చూస్తే డి డ్రైవ్ చివరిసారి ఆప్టిమైజ్ అయి నెలలు దాటింది. చెల్లి మాత్రం "అన్నయ్యా, గేమ్ లోడ్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు" అంటుంది. అలాంటి పీసీల కోసమే ఈ ఆర్టికల్.

అసలు స్లో ఎందుకు అవుతుంది?

పండగ రోజు సినిమా హాల్‌కి ఎనిమిది మంది ఫ్యామిలీ వెళ్లారనుకోండి. వరుసగా ఎనిమిది సీట్లు లేవు. ఇద్దరు ఎఫ్ రోలో, ముగ్గురు కె రోలో, మిగతావాళ్లు తలో మూల కూర్చున్నారు. ఇంటర్వెల్‌లో వాళ్లందరికీ సమోసాలు పంచే కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. హార్డ్ డిస్క్‌లో ఆ కుర్రాడే హెడ్. డ్రైవ్ నిండే కొద్దీ పెద్ద ఫైల్‌కి ఒకేచోట జాగా దొరకదు. అందుకని విండోస్ దాన్ని ముక్కలు చేసి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాస్తుంది. ఆ ముక్కలన్నింటినీ మళ్లీ వరుసగా ఒకచోటికి చేర్చడమే డీఫ్రాగ్.

కొంచెం లెక్క చూద్దాం. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 11 మిల్లీ సెకన్లు పడుతుంది. కావాల్సిన డేటా హెడ్ కిందకి రావడానికి సగటున అందులో సగం, అంటే 5.5 మిల్లీ సెకన్లు. హెడ్ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదలడానికి మరో 10 వేసుకోండి. అంటే ఒక్కో గెంతుకి దాదాపు 15 మిల్లీ సెకన్లు. ఫైల్ 1000 ముక్కలుగా డిస్క్ అంతా చెల్లాచెదురైతే, చదవడానికి పట్టే టైమ్ కాకుండా గెంతులకే 15 సెకన్లు పోతాయి. చెల్లి తాగే టీ అదే!

ఎస్ఎస్‌డీలో హెడ్డూ లేదు, చక్రమూ లేదు. ఏ మూల ముక్కనైనా దాదాపు ఒకే టైమ్‌లో తీస్తుంది. పైగా దానికి రాసే సామర్థ్యం పరిమితం, కాబట్టి ఊరికే డేటా అటూ ఇటూ జరపడం వేస్ట్. విండోస్‌కి కూడా ఆ తేడా తెలుసు. ఎస్ఎస్‌డీ అయితే మామూలుగా "ట్రిమ్" పంపిస్తుంది. అంటే, "ఈ బ్లాకులు డిలీట్ అయ్యాయి, వీటిని ఇక మోయక్కర్లేదు" అని డ్రైవ్‌కి చెప్పడం. సిస్టమ్ రిస్టోర్ ఆన్‌లో ఉంటే విండోస్ ఎప్పుడైనా ఎస్ఎస్‌డీని కూడా కొంచెం డీఫ్రాగ్ చేస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. "ఎస్ఎస్‌డీ ఉంది కదా" అని షెడ్యూల్ మొత్తం ఆఫ్ చేయమని చెప్పే యూట్యూబ్ సలహాలు మాత్రం వినకండి. ట్రిమ్ కూడా ఆ షెడ్యూల్‌తోనే వెళ్తుంది.

ముందు డిస్క్ ఆరోగ్యం, తర్వాతే డీఫ్రాగ్

ఈ స్టెప్ ఎవరూ చెప్పరు, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పీసీ స్లో అవ్వడానికి కారణం ముక్కలు కాకుండా, డిస్క్ చివరి దశకి రావడం కూడా అయ్యుండొచ్చు. అలాంటి డిస్క్ మీద గంటల తరబడి డీఫ్రాగ్ రన్ చేస్తే, ఐసీయూలో ఉన్న మనిషిని పరుగు పందెంలో నిలబెట్టినట్టే. అందులో అక్క పెళ్లి ఫోటోలు ఉంటే గేమ్ స్పీడ్ సంగతి తర్వాత.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి ఓపెన్ చేయండి. పైన స్టేటస్ బాక్స్ నీలం రంగులో "గుడ్" అని ఉంటే ఓకే. పసుపు రంగులో "కాషన్" అని వస్తే కింద లిస్ట్‌లో "రీఅలొకేటెడ్ సెక్టార్స్ కౌంట్", "కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్" చూడండి. ఈ రెండిట్లో సున్నా కాకుండా ఏదైనా నంబర్ ఉంటే డీఫ్రాగ్ ఆలోచన పక్కన పెట్టి, ముఖ్యమైన ఫైల్స్ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి. డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, వెంటనే బ్యాకప్.

రెండో చెకింగ్ ఖాళీ జాగా. 15 శాతం కన్నా తక్కువ ఖాళీ ఉంటే ముక్కలు జరపడానికి చోటు చాలదు, డీఫ్రాగ్ సగం సగంగానే అవుతుంది. ముందు చూసేసిన సినిమాలు, ఆడని గేమ్స్ తీసేయండి.

విండోస్ ఇచ్చే సెట్టింగ్స్

స్టార్ట్ నొక్కి ఇంగ్లీషులో డీఫ్రాగ్ అని టైప్ చేస్తే "డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" వస్తుంది. విండోస్ 10, 11 రెండిట్లోనూ ఇంతే. లిస్ట్‌లో "మీడియా టైప్" కాలమ్ చూడండి. మీ డ్రైవ్ హార్డ్ డిస్కా, సాలిడ్ స్టేటా అని అక్కడే రాసి ఉంటుంది. డ్రైవ్ సెలెక్ట్ చేసి "అనలైజ్" నొక్కితే ఎంత శాతం ముక్కలైందో చెబుతుంది. నా లెక్కలో 10 శాతం దాటితే చేయాలి, లోపు ఉంటే వదిలేయొచ్చు.

ఈ శాతంలో ఒక మెలిక ఉంది. 64 ఎంబీ కన్నా పెద్ద ముక్కలను విండోస్ ఈ లెక్కలోకే తీసుకోదు. అంత పెద్ద ముక్క చదివే టైమ్‌తో పోలిస్తే ఒక గెంతు పెద్ద భారం కాదు, కాబట్టి అది కరెక్టే. ఏదైనా థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ "మీ డిస్క్ 40 శాతం ముక్కలైంది!" అని ఎర్ర అక్షరాల్లో భయపెట్టి, విండోస్ మాత్రం 3 శాతమే అంటే, తేడా ఇక్కడి నుంచి కూడా రావచ్చు. కంగారుపడి "ప్రో వెర్షన్" కొనేయకండి.

కింద "చేంజ్ సెట్టింగ్స్" నొక్కితే షెడ్యూల్ బాక్స్ వస్తుంది. డైలీ, వీక్లీ, మంత్లీ అని మూడే ఆప్షన్లు. వీక్లీ చాలు. డైలీ పెట్టడం దండగ. "మూడుసార్లు వరుసగా మిస్ అయితే ప్రయారిటీ పెంచు" అన్న టిక్ మనలాంటి ఇళ్లకు బాగా పనికొస్తుంది, దాన్ని ఉంచండి. పక్కన "చూజ్" నొక్కితే ఏ డ్రైవ్స్ చేయాలో ఎంచుకోవచ్చు.

గమనించారా, ఇక్కడ ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడగడు. విండోస్ 7లో అది ఉండేది, డీఫాల్ట్‌గా బుధవారం రాత్రి ఒంటిగంట. ఇప్పుడు టైమ్ మార్చాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో "సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్"కి వెళ్లి, "మెయింటెనెన్స్" కింద "చేంజ్ మెయింటెనెన్స్ సెట్టింగ్స్" నొక్కాలి. రాత్రి 2 తీసేసి మీరు భోజనానికి లేచే టైమ్ పెట్టండి, మధ్యాహ్నం ఒంటిగంటో, రాత్రి ఎనిమిదిన్నరో. పీసీ ఆన్‌లో ఉండి ఎవరూ ముట్టుకోని అరగంట దొరికితే చాలు, చాలా ఇళ్లలో సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది. ఈ టైమ్ డీఫ్రాగ్ ఒక్కదానికే కాదు, మిగతా మెయింటెనెన్స్ పనులకూ వర్తిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మన సొంత షెడ్యూల్: టాస్క్ షెడ్యూలర్

నాకు నచ్చిన పద్ధతి ఇది. సి డ్రైవ్‌ని విండోస్‌కే వదిలేసి, గేమ్స్, డౌన్‌లోడ్స్ ఉండే డి డ్రైవ్‌కి మాత్రం సొంత టైమ్ పెట్టుకోవడం. మొదట "చూజ్"లో డి టిక్ తీసేయండి. తర్వాత టాస్క్ షెడ్యూలర్ ఓపెన్ చేసి "క్రియేట్ టాస్క్" నొక్కండి. పేరు ఏదైనా పెట్టుకోండి, కానీ "రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్" టిక్ తప్పనిసరి. అది లేకపోతే అడ్మిన్ పర్మిషన్ లేక టాస్క్ మొదట్లోనే ఆగిపోతుంది.

"ట్రిగ్గర్స్"లో వీక్లీ, ఆదివారం, ఉదయం 11 గంటలు అని ఇవ్వండి. మీ ఇంట్లో ఆ టైమ్‌లో కరెంట్ పోయే అలవాటుంటే ఇంకోటి చూసుకోండి. "యాక్షన్స్"లో "స్టార్ట్ ఎ ప్రోగ్రామ్" ఎంచుకుని, ప్రోగ్రామ్ బాక్స్‌లో ఇంగ్లీషులో డీఫ్రాగ్ అని రాయండి. కింద ఆర్గ్యుమెంట్స్ బాక్స్‌లో డి అక్షరం, వెంటనే కోలన్, ఒక స్పేస్, స్లాష్, ఓ అక్షరం. ఈ ఓ అంటే, డ్రైవ్ రకాన్ని బట్టి సరైన పని నువ్వే చూసుకో అని అర్థం. రేపు ఆ డి డ్రైవ్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టినా ఇదే టాస్క్ ట్రిమ్ చేస్తుంది, డీఫ్రాగ్ చేయదు. ఓ బదులు ఎ పెడితే అనలైజ్ మాత్రమే. ఎక్స్ పెడితే ఖాళీ జాగానంతా ఒకచోట చేరుస్తుంది, పార్టిషన్ సైజ్ తగ్గించే ముందు అది ఉపయోగం. మామూలుగా డీఫ్రాగ్ లో ప్రయారిటీలో నడుస్తుంది. స్లాష్ హెచ్ కలిపితే నార్మల్ ప్రయారిటీ. పీసీ వాడుతూ ఉంటే హెచ్ పెట్టొద్దు, చుక్కలు కనిపిస్తాయి.

"సెట్టింగ్స్" ట్యాబ్‌లో "షెడ్యూల్ మిస్ అయితే వీలైనంత త్వరగా రన్ చేయి" అన్న అర్థం వచ్చే టిక్ ఒకటి ఉంటుంది, అది పెట్టండి. ఆదివారం ఊరెళ్లినా సోమవారం ఆన్ చేయగానే మొదలవుతుంది. అలాగే "ఇంతకన్నా ఎక్కువసేపు నడిస్తే ఆపు" దగ్గర 2 గంటలు ఇవ్వండి. మధ్యలో ఆగినా అప్పటిదాకా చేసిన పని ఎక్కడికీ పోదు. రన్ అయ్యేటప్పుడు ఒక నల్ల విండో కనిపిస్తుంది. దాన్ని వైరస్ అనుకుని ఇంట్లోవాళ్లు మూసేయకుండా ముందే చెప్పి పెట్టండి.

మధ్యలో కరెంట్ పోతే? విండోస్ ముక్కను ముందు కొత్త చోట కాపీ చేసి, ఆ తర్వాతే ఫైల్ రికార్డులో అడ్రస్ మారుస్తుంది. కాబట్టి ఫైల్ మధ్యలో తెగిపోయే అవకాశం తక్కువ. అయినా తిరుగుతున్న డిస్క్‌కి కరెంట్ ఠక్కున పోవడం ఎప్పుడూ మంచిది కాదు. యూపీఎస్ లేని ఇంట్లో వానాకాలం సాయంత్రాల్లో ఈ పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ వాళ్లకి ఈ బాధ లేదు, "కండిషన్స్" ట్యాబ్‌లో చార్జర్ ఉంటేనే స్టార్ట్ అవ్వాలనే టిక్ ముందే ఉంటుంది.

ముక్కలు పుట్టే చోటే ఆపొచ్చు కూడా. టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లలో "ప్రీ అలొకేట్" ఆప్షన్ ఆన్ చేస్తే డౌన్‌లోడ్ మొదట్లోనే ఫైల్‌కి మొత్తం జాగా రిజర్వ్ అవుతుంది. ఎనిమిది టికెట్లు ముందే బుక్ చేసుకున్నట్టు. స్క్రీన్ రికార్డింగ్, పెద్ద డౌన్‌లోడ్ ఒకే డ్రైవ్ మీద ఒకేసారి నడపకపోవడం కూడా మంచిది.

ఇంకో మాట, ఈ మధ్య అమ్ముతున్న చాలా పెద్ద హార్డ్ డిస్క్‌లు, ముఖ్యంగా పోర్టబుల్ డ్రైవ్‌లు, ఎస్ఎంఆర్ రకం. వాటిలో ట్రాక్‌లు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక చోట మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి, అందుకే డీఫ్రాగ్ నత్తనడక నడుస్తుంది. సినిమాలు దాచుకునే డ్రైవ్ అయితే వారం వారం షెడ్యూల్‌లో పెట్టకండి. ఏడాదికోసారి అనలైజ్ చేసి చూస్తే సరిపోతుంది.

ఇదంతా కాకుండా డబ్బులు పెట్టగలిగితే సి డ్రైవ్‌కి ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేయండి. బూట్ టైమ్‌లో అది తెచ్చే తేడా ఏ డీఫ్రాగ్ కూడా తేలేదు, నేను ఎవరికైనా ముందు అదే చెబుతాను. పాత హార్డ్ డిస్క్ అప్పుడు డి డ్రైవ్‌గా మిగులుతుంది, పైన చెప్పిన టాస్క్ దానికి అలాగే పనికొస్తుంది.

సెట్ చేశాక రెండు వారాలు ఆగి, నిజంగా నడిచిందో లేదో చూసుకోండి. ఈవెంట్ వ్యూయర్ ఓపెన్ చేసి, "విండోస్ లాగ్స్"లో "అప్లికేషన్" మీద నొక్కి, ఈవెంట్ ఐడీ 258 కోసం ఫిల్టర్ చేయండి. ఏ తేదీన, ఏ డ్రైవ్ మీద పని పూర్తయిందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. ఆదివారాల తేదీలు కనిపిస్తే మీ టాస్క్ పనిచేస్తున్నట్టే. లేకపోతే మొదట "హైయెస్ట్ ప్రివిలేజెస్" టిక్ చెక్ చేయండి, దాదాపు ఎప్పుడూ దొంగ అక్కడే దొరుకుతాడు.