వియన్నా నుంచి చెంచుపెంటకు

హైదరాబాదు పాతబస్తీకి విజ్ఞానయాత్రకై వచ్చే విద్యార్థులు తప్పక దర్శించే స్థలాలలో మీరాలం చెరువు చెంతనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాల ఒకటి. 1963లో ప్రారంభమైన యీ ఉద్యానం సుమారు 380 ఎకరాలలో విస్తరించి ఉన్నది. పులిని, ఎలుగుబంటిని, దుప్పిని పిల్లలు అక్కడ కళ్ళారా చూస్తారు. కాని యీ మృగాల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మనుష్యులను గూర్చిన తలంపు ఎందరికి కలుగుతుంది? ఆ మనుష్యులు దూరదేశీయులు కారు. చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణానికి సాగే శ్రీశైలం బాటలో నూరు కిలోమీటర్లు దాటి పోతే నల్లమల అడవి వస్తుంది. అక్కడి అమ్రాబాదు పీఠభూమి చెంచుల నివాసం.

పూర్వం పాతబస్తీ కోటలలోని ప్రభువులకు అడవి అనగా వేటభూమి. పురానీ హవేలీలో నివసించిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. అడవిలోని మానవుని సమగ్రంగా పరిశీలించి గ్రంథస్థం చేసిన గౌరవం మాత్రం ఒక పరదేశికి దక్కింది. ఆయన క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరంలో జన్మించిన యీ మానవశాస్త్రజ్ఞుడు మొదట నాగా కొండలలో పరిశోధన గావించి, 1939లో తిరిగి భారతదేశానికి వచ్చారు. అంతలో రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభమైనది. ఆయన వద్దనున్నది జర్మనీ పాస్‌పోర్టు. అందుచేత బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయునిగా పరిగణించింది. హైదరాబాదు సంస్థానపు ఎల్లలే ఆయన సంచారానికి హద్దులైనవి. ఆ నిర్బంధమే తెలుగు దేశానికి మేలు చేసింది. 1940లో ఆయన భార్య బెట్టీతో కలిసి నల్లమల చేరి, చెంచుల మధ్య నివసించారు.

అక్కడ ఆయన చూచిన జీవితం అపూర్వమైనది. చెంచుల భాష తెలుగే. బ్రతుకు తీరు మాత్రం నాగలి పుట్టక ముందటిది. గడ్డలు తవ్వుకొని, పండ్లు, ఇప్పపూలు ఏరుకొని, విల్లమ్ములతో చిన్న వేటలు ఆడి కడుపు నింపుకొనేవారు. ఏ పెంటవారు ఏ కొండపట్టున తిరగవలెనో వారిలో వారికి కట్టుబాటు ఉండేది. తేనె తీసేవాడు కొండ అంచు నుండి తాడు పట్టుకొని లోయవైపు దిగుతుంటే, పైన ఆ తాడు పట్టి నిలిచేవాడు బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు తన పిడికిట ఉన్నవాడు పట్టు సడలించడు గదా! శ్రీశైల మల్లన్న వారికి ఇంటి అల్లుడు, చెంచు మల్లయ్య.

యీ పరిశోధన ఫలితంగా 1943లో చెంచులపై వెలువడిన గ్రంథం ‘హైదరాబాదు ఆదిమజాతులు’ అనే శ్రేణిలో మొదటి సంపుటం. 1945లో కొండరెడ్లను గూర్చి, 1948లో ఆదిలాబాదు రాజగోండులను గూర్చి తక్కిన సంపుటాలు వెలువడినవి.

ఆయన గ్రంథరచనతో తృప్తి చెందలేదు. అడవిలో చెంచులు నిరాటంకంగా బ్రతికే ఏర్పాటు కావలెనని ప్రభుత్వానికి సూచించారు. పీఠభూమిలో కొంత ప్రాంతం వారికై ప్రత్యేకింపబడింది. ఆదిలాబాదులో భూమి కోసం, అడవి కోసం పోరాడిన కుమ్రం భీము 1940లో జోడేఘాటు వద్ద నేలకొరిగిన పిమ్మట, అక్కడి గోండుల బాధలను విచారించే భారం కూడ హైమెన్‌డార్ఫ్‌పై పడింది. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణకేంద్రం వెలసింది. గోండీ భాషలోనే వాచకాలు తయారైనవి. తల్లిభాషలో పాఠం చెప్పే గురువు తమ గూడెం నుంచే పుట్టినాడని తెలిసినప్పుడు ఆ పిల్లలకు కలిగిన ధైర్యం ఎట్టిదో బడిపంతుళ్ళకు వేరుగా చెప్పనక్కరలేదు. 1987లో మరణించిన బెట్టీ సమాధి ఆ మార్లవాయిలోనే ఉన్నది. 1995లో లండనులో కన్నుమూసిన హైమెన్‌డార్ఫ్ అస్థికలు కూడ తరువాత అచటికే చేరినవి.

నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యం. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పేర ఏర్పడిన పులుల రక్షితప్రాంతంలో అది భాగంగా ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయిన పిదప తెలంగాణ వైపు భాగానికి యీ పేరు వచ్చింది. పులిని కాపాడవలసిందే. అయితే పులికి చోటు కల్పించే పేర చెంచును అడవి నుండి కదిలించవలెనా అనే ప్రశ్న తెగలేదు. అడవిలో నివసించేవారి హక్కులను 2006 నాటి చట్టం గుర్తించింది. పులి అడుగుజాడలు పట్టి కావలి కాసే పనిలో నేడు చెంచు యువకులే అటవీశాఖకు తోడ్పడుతున్నారు. వారిని విడిచి పులిని రక్షించడం ఏమాత్రం సులభం?

ఉపాధ్యాయులు పిల్లలను మీరాలం చెరువు గట్టుకు తీసుకొనిపోయినపుడు పులిని చూపి, దాని పొరుగువాడైన చెంచు కథ కూడ చెప్పవలసి ఉన్నది. ఆ కథ తెలుసుకొనడానికి వియన్నా వాసి సముద్రాలు దాటి వచ్చాడు. మన పిల్లలకు నల్లమల ఒక్కపూట ప్రయాణం.