మ్యాగజైన్ తీసినా మిగిలే తూటా

తుపాకీ శుభ్రం చేస్తుంటే మిస్‌ఫైర్ అయి ఎవరో గాయపడ్డారన్న వార్త మన పత్రికల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. నిజానికి మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. వార్తలో జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. పేలకూడని వేళ పేలింది. ఇలాంటి ప్రమాదాల వెనక పదేపదే కనిపించే పొరపాటు ఒకటుంది: మ్యాగజైన్ తీసేశాం కాబట్టి తుపాకీ ఖాళీ అయిపోయిందనుకోవడం. అది ఎందుకు ప్రాణాంతకమో తెలియాలంటే చేతి తుపాకీ లోపల ఏ భాగం ఏం చేస్తుందో తెలియాలి. తుపాకీ జోలికి ఎన్నడూ వెళ్లనివాళ్లకు కూడా ఈ మాత్రం తెలియడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు తూటా సంగతి చూద్దాం. అందులో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. గుండు సీసంతో చేసింది, చాలావాటికి పైన రాగి తొడుగు ఉంటుంది. ఎగిరి వెళ్లేది ఆ గుండు ఒక్కటే, ఇత్తడి గొట్టం వెనకే ఉండిపోతుంది. నాలుగూ కలిసిన తూటాను పోలీసులు, సైనికులు రౌండ్ అంటారు.

ప్రైమర్‌లో ఉన్న రసాయనానికి దెబ్బ తగిలితే చాలు, భగ్గుమంటుంది. దెబ్బతో మండే రసాయనాన్ని తుపాకీకి వాడే పద్ధతికి 1807లో పేటెంట్ పొందినవాడు స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే చర్చి పాదరీ. అంతకుముందు చెకుముకి రాయి నిప్పురవ్వే దిక్కు, వాన పడితే ఆ తుపాకీ మీద భరోసా లేదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగలేని మందు తయారుచేశాడు. పాత నల్లమందు విపరీతంగా మసి వదిలేది. ఆ మసితో, సన్నని భాగాలు తమంతట తాము కదిలే పిస్టల్‌ను నమ్మకంగా నడపడం చాలా కష్టమయ్యేది.

ప్రైమర్ మంట తగలగానే మందు అతివేగంగా కాలి వాయువుగా మారుతుంది. 9 ఎంఎం తూటాలో ఆ వాయువు ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి రెండు వేల రెట్లు దాటగలదు. దాదాపు 8 గ్రాముల గుండు ఆ తోపుడుకు సెకనుకు 350 మీటర్లకు పైగా వేగంతో బయటపడుతుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లే.

పలుచని ఇత్తడి ఒంటరిగా ఇంత ఒత్తిడిని ఆపలేదు, చిరిగిపోతుంది. అందుకని తూటా చుట్టూ సరిగ్గా పట్టేంత గట్టి ఉక్కు గది ఉంటుంది. దాని పేరు చాంబర్. పేలుడు జరిగేది అక్కడే. తూటాను ఆ గదిలోకి చేర్చడం, దాని వీపున కొట్టడం, ఖాళీ ఇత్తడిని బయటకు లాగడం, మిగతా భాగాలన్నీ చేసే పని ఇంతే. కాబట్టి ఏ తుపాకీ గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న, దాని చాంబర్ ఎక్కడుంది, అందులో ఏముంది అని.

చాంబర్ ముందుండే గొట్టం పేరు బ్యారెల్. దాని లోపలి గోడ నున్నగా ఉండదు, మెలి తిరిగిన గాళ్లు చెక్కి ఉంటాయి. దీన్నే రైఫ్లింగ్ అంటారు. వాటి గుండా దూసుకెళ్లే గుండు గిరగిరా తిరుగుతూ బయటకొస్తుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్టే, తిరిగే గుండు పల్టీలు కొట్టకుండా ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. ఆ గాళ్లు గుండు ఒంటి మీద గీతలు కూడా వదులుతాయి. 1929లో షికాగోలో ఏడుగుర్ని కాల్చి చంపిన కేసులో కాల్విన్ గొడ్డార్డ్ ఇలాంటి గుర్తులనే మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి పోల్చి, ఏ తుపాకులు వాడారో తేల్చాడు. మన ఫోరెన్సిక్ లేబొరేటరీల్లో నేటికీ ఇదే పద్ధతి నడుస్తోంది.

బ్యారెల్ లోపలి వ్యాసాన్ని, దానికి సరిపడే గుండు వ్యాసాన్ని చెప్పేది క్యాలిబర్, మనవాళ్ల మాటలో బోరు. 9 ఎంఎం అంటే మిల్లీమీటర్లలో, .32 అంటే అంగుళంలో నూటికి 32 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. ఈ అంకెలను కొలతలుగా కన్నా పేర్లుగా చూడడం మంచిది. .38 స్పెషల్ గుండు అసలు వ్యాసం 0.357 అంగుళాలే.

చేతి తుపాకుల్లో ప్రధానంగా రెండు జాతులు, వాటిని విడదీసేది చాంబరే. రివాల్వర్‌లో చాంబర్లు చాలా ఉంటాయి. బ్యారెల్ వెనక గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఐదో ఆరో గదులుంటాయి, ఒక్కో గదిలో ఒక్కో తూటా. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇదే. వెనకనున్న హ్యామర్‌ను బొటనవేలితో లాగినా, నేరుగా ట్రిగ్గర్‌ను బలంగా నొక్కినా సిలిండర్ ఒక గది మేర తిరిగి కొత్త తూటాను బ్యారెల్ ఎదుటికి తెస్తుంది. ఇక్కడో ప్రమాదం పొంచి ఉంది. హ్యామర్ ఎదురుగా ఉన్న గది ఖాళీగా కనిపించిందని ట్రిగ్గర్ నొక్కితే, పేలేది ఆ గది కాదు. నొక్కే క్రమంలో పక్క గది వచ్చి ఆ స్థానంలో కూర్చుంటుంది. ఒక మేలు ఏమిటంటే, సిలిండర్‌ను పక్కకు తెరిస్తే గదులన్నీ ఒకేసారి కంటికి కనిపిస్తాయి.

పిస్టల్‌లో చాంబర్ ఒక్కటే, బ్యారెల్ వెనక చివరన ఉంటుంది. పిస్టల్ మీదుండే స్లైడ్ దాన్ని కప్పేస్తుంది. తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి ఉంటాయి, కింది స్ప్రింగు వాటిని పైకి తోస్తూ ఉంటుంది. స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే, అది ముందుకు పోతూ పై తూటాను చాంబర్‌లోకి నెడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ విడివడి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది, ఆ పిన్ ప్రైమర్‌ను పొడుస్తుంది.

తర్వాత జరిగేదే నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా అబ్బురం. గుండు ముందుకు వెళ్తే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం స్లైడ్ వెనక్కి రావాలి. కానీ ఒత్తిడి తగ్గక ముందే చాంబర్ తెరుచుకుంటే వేడి వాయువు కాల్చేవాడి వైపు ఎగజిమ్ముతుంది. అమెరికాలోని యూటాలో పుట్టిన జాన్ బ్రౌనింగ్ దీనికి చక్కని మార్గం కనిపెట్టాడు. బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుని కొన్ని మిల్లీమీటర్లు కలిసే వెనక్కి జరుగుతాయి. ఈలోగా గుండు బయటపడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కాస్త కిందికి దిగి పట్టు వదులుతుంది. స్లైడ్ ఒంటరిగా వెనక్కి పోతూ ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న గోరుతో ఖాళీ ఇత్తడిని లాగి, పక్క కిటికీ గుండా బయటకు విసిరేస్తుంది. వేరే స్ప్రింగు స్లైడ్‌ను ముందుకు తోసేటప్పుడు మరో తూటా చాంబర్‌లో చేరుతుంది. ఇదంతా కనురెప్పపాటులో అయిపోతుంది. 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన .45 పిస్టల్ బ్రౌనింగ్‌దే. ఆయన మొదలుపెట్టగా, 1926లో ఆయన మరణించాక బెల్జియంలో ఇతరులు పూర్తిచేసిన హై పవర్ 1935లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే 9 ఎంఎం పిస్టల్‌కు మూలం అదే. దాని మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి.

మొదట చెప్పిన పొరపాటు ఇప్పుడు తేటపడుతుంది. ప్రతి తూటా పేలగానే ఇంకొకటి చాంబర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మ్యాగజైన్ తీస్తే పోయేవి పిడిలో ఉన్నవి మాత్రమే, చాంబర్‌లో ఉన్నది కదలదు. క్రమం తారుమారైనా ముప్పే. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఒక తూటా బయటకు ఎగురుతుంది. దాన్ని చూసి ఖాళీ అయిందనుకుంటారు. కానీ వదిలిన స్లైడ్ మరో తూటాను లోపలికి తోసేసి ఉంటుంది. అందుకే శిక్షణలో మొదట మ్యాగజైన్, తర్వాత స్లైడ్, ఆ తర్వాత చాంబర్‌లోకి కంటితో చూసి, అవసరమైతే వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవడం నేర్పుతారు. మ్యాగజైన్ లేకుంటే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు హై పవర్‌లో ఉంది, చాలా పిస్టళ్లలో లేదు. ఏ మీటనూ, ఏ తాళాన్నీ పూర్తిగా నమ్మడానికి వీల్లేదు.

షూటింగ్ క్రీడ ఈ విషయాన్ని ఎంత గట్టిగా పట్టించుకుంటుందో చూడండి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది .22 తూటా, చాలా చిన్నది. అయినా కాల్చని వేళ చాంబర్‌లో మెరిసే రంగు ప్లాస్టిక్ తీగను దూర్చి ఉంచాలని అంతర్జాతీయ నిబంధన. దూరం నుంచి చూసినవాళ్లకు కూడా గది ఖాళీ అని తెలియాలి.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం. సాధారణ లైసెన్సుదారులకు 9 ఎంఎం నిషిద్ధం, .32 రివాల్వర్లు, పిస్టళ్లు ఎక్కువగా కనిపించడానికి అదే కారణం. పెళ్లి ఊరేగింపుల్లో, పండగల్లో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేవారికి 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పెట్టింది.

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవారు దాన్నీ తూటాలనూ వేర్వేరుగా తాళం వేసి, పిల్లలకు అందకుండా ఉంచండి. ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా మూతిని మనిషి వైపు తిప్పవద్దు, ట్రిగ్గర్ మీద వేలు పెట్టవద్దు. ఎక్కడైనా దిక్కులేకుండా పడి ఉన్న తుపాకీ కనిపిస్తే ముట్టుకోకండి, పక్కవాళ్లను దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి.