పికప్ బండికి ఎక్స్‌ట్రా లైట్లు: రిలే, ఫ్యూజు, ఎర్తు ఎక్కడెక్కడ

మా పికప్‌కి వెనక రెండు, ముందు రెండు లైట్లు ఎలా బిగించుకున్నామో పైన వీడియోలో చూపించాను. బానెట్ లోపల చేతులు అడ్డంపడి వైరు ఎటు నుంచి ఎటు పోయిందో సరిగ్గా కనపడదు కాబట్టి ఆ వివరం ఇక్కడ రాస్తున్నా.

మాది చేవెళ్ల వైపు. ఆకుకూరలు మెహిదీపట్నం రైతుబజారుకి తెల్లారేసరికి చేరాలంటే రాత్రి రెండున్నర, మూడింటికే లోడింగ్ మొదలుపెట్టాలి. ఒక చేత్తో సెల్‌ఫోన్ లైటు, ఒక చేత్తో కట్టలు. పైగా మన పొలాల్లో ఆచ్ఛాదన ఉంటుంది. దాని కింద కప్పలు, ఎలుకలు ఉంటాయి. వాటి కోసం ఏమొస్తాయో మీకు చెప్పక్కర్లేదు. కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడాలి, అంతే. ఈ లైట్లు సోకు కోసం కాదు.

అయితే లైటు పెట్టడం తేలిక, వైరింగే అసలు సంగతి. మా పక్క ఊళ్ళో ఒకాయన వెనక టెయిల్ ల్యాంప్ వైరుకే గీత పెట్టి, రెండు హాలోజన్లు కలిపి, టేపు చుట్టించుకున్నాడు. ఆ రోజు బండి నిండా వరిగడ్డి. దారిలో వాసన వచ్చి ఆపి చూస్తే వైరు మీద ప్లాస్టిక్ కరిగి కారుతోంది. గడ్డి అంటుకోకముందే బ్యాటరీ తీగ పీకేశాడు కాబట్టి బండి మిగిలింది.

ఎందుకలా అయింది? లెక్క చూడండి. 55 వాట్ల హాలోజన్ 12 వోల్టుల మీద సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది. రెండయితే 9 దాటుతుంది. టెయిల్ ల్యాంప్ బల్బు 5 వాట్లది, దాని వైరు ఆ మాత్రానికే సన్నగా ఉంటుంది. అదే వెలుగు పనికి 18 వాట్ల ఎల్ఈడీలు రెండు పెడితే మొత్తం 3 ఆంపియర్లే. అందుకే వెనక్కి నేను ఎల్ఈడీ పెట్టాను.

మా ఆటో ఎలక్ట్రీషియన్ తమ్ముడు "అన్నా, డైరెక్ట్ కొట్టేద్దాం, రిలే ఎందుకు దండగ" అన్నాడు. 3 ఆంపియర్లకి మంచి స్విచ్ ఒక్కటే చాలు, అందులో అతను చెప్పింది తప్పేమీ కాదు. కానీ ముందు పెట్టినవి హాలోజన్లు. 9 ఆంపియర్లు డ్యాష్‌బోర్డు దాకా వచ్చి, చిన్న స్విచ్‌లోంచి తిరిగి పోవడం మంచిది కాదు. స్విచ్ కాంటాక్టు వేడెక్కుతుంది, దూరం పెరిగిన కొద్దీ వెలుగూ తగ్గుతుంది. 1 చదరపు మిల్లీమీటరు వైరు 5 మీటర్లు లాగితే దాదాపు 0.8 వోల్టు దారిలోనే పోతుంది. హాలోజన్ వెలుగులో అది సుమారు అయిదో వంతు. 2.5 వైరు వేస్తే ఆ నష్టం సగానికంటే తక్కువ.

రిలే మన తూము లాంటిది. చేతితో తిప్పేది చిన్న చక్రం, పారేది పెద్ద కాలువ. నాలుగు కాళ్ళ మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు. 87 నుంచి లైట్లకి. 85, 86 లోపలి కాయిల్‌వి, ఒకటి ఎర్తుకి, ఇంకోటి స్విచ్‌కి. ఈ కాయిల్‌కి ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కర్లేదు, కాబట్టి స్విచ్ వైపు సన్న వైరు చాలు.

ఫ్యూజు మాత్రం రిలే ఉన్నా లేకున్నా పెట్టాల్సిందే. అదీ బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే. చాలామంది లైటు దగ్గర పెడతారు. ఫ్యూజు కాపాడేది లైటుని కాదండీ, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. నేను ముందు హాలోజన్లకి 15 ఆంపియర్లది, వెనక ఎల్ఈడీలకి 5ది వేశాను. ఫ్యూజు కొట్టేస్తోందని పెద్దది వెయ్యకండి, ఎందుకు కొడుతోందో వెతకండి.

ముందు లైట్ల కాయిల్‌కి కరెంటు హై బీమ్ వైరు నుంచి, స్విచ్ మీదుగా తీశాను. ఎదుటి బండి రాగానే డిప్పర్ కొడితే ఇవి కూడా వాటంతటవే ఆరిపోతాయి. కొన్ని బండ్లలో హెడ్‌లైట్‌ని ఎర్తు వైపు ఆన్ ఆఫ్ చేస్తారు. అందుకే టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే కలపండి. వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీ వైరింగ్ కొయ్యకముందు షోరూంలో అడగండి. వెనక లైట్లు పొలంలోనే. అవి వెలిగించుకుని రోడ్డెక్కితే వెనకొచ్చేవాడికి కళ్ళు కనపడవు. అందుకే వాటి స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నది కొన్నాను.

ఇప్పుడు మనలాంటి వాళ్ళకే వచ్చే తంటా ఒకటి. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము ఇదే బండిలో మోస్తాం. కుదుపులకి తొణికి, ఫ్లోరు సందుల్లోంచి కిందికి కారుతుంది. గోమూత్రంలోని ఉప్పులు, అమ్మోనియా రాగిని తినేస్తాయి. వెనక లైటు మిణుకుమిణుకుమంటోంది అంటే చాలాసార్లు లైటు పోయినట్టు కాదు, ఎర్తు దగ్గర పచ్చగా చిలుం పట్టినట్టు. ఎర్తు బోల్టు పెట్టే చోట పెయింటు మెరిసేదాకా గీకి, రింగు టెర్మినల్ బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి. జాయింట్లు డ్రమ్ము నిలబెట్టే చోటు కింద రాకుండా చూసుకోండి. ఒట్టి టేపు పనికిరాదు, వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వాడండి.

వైరు మొత్తానికి ముడతల పైపు తొడిగాం. సైలెన్సర్‌కి, కమాన్ పట్టీలకి దూరంగా, ఛాసిస్ లోపలి అంచు వెంట జానకొక టై. రేకు రంధ్రంలోంచి దూరిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లేకపోతే రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది. ఎలుకలు పైపునీ కొరుకుతాయి, దానికి నా దగ్గర మందు లేదు. నెలకోసారి వంగి చూడటమే.

రంగు గురించి కూడా చెప్పాలి. తెల్లటి, నీలం ఛాయ లైటుకి రెక్కల పురుగులు ఎక్కువ వస్తాయి. పసుపు ఛాయకి తక్కువ. దీపపు ఎరలు పెట్టి పురుగుని పట్టే మనమే చేను పక్కన తెల్ల లైటు గంటలకొద్దీ వెలిగించి పిలవడం ఎందుకు? పసుపు ఛాయవి తీసుకుని, వెలుగు ఫ్లోరు మీద, నేల మీద పడేలా కిందికి వంచాను.

ఇంజను ఆపి లోడింగ్ చేస్తే ఎల్ఈడీలు గంటకి 3 ఏహెచ్ తింటాయి, హాలోజన్లయితే 9కి పైనే. పాత బ్యాటరీ ఉన్నవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోండి, పొద్దున్నే బండి తోసుకోవాల్సి వస్తుంది.

పని చేసే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి, అంతా అయ్యాక చివర్న తగిలించండి. తర్వాత ఇంజను ఆన్‌లో పెట్టి లైట్లన్నీ అరగంట వెలిగించి, వైరు పొడవునా, ఫ్యూజు హోల్డరు, రిలే కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఎక్కడైనా చెయ్యి ఆగనంత వేడి ఉంటే అక్కడి జాయింటు వదులుగా ఉన్నట్టు. విప్పి మళ్ళీ నొక్కి బిగించండి. వీడియోలో రిలే కాళ్ళ నంబర్లు దగ్గరగా చూపించాను, ఆపుకుని చూసుకోవచ్చు.