ముట్టుకుంటే తగ్గిపోయే జబ్బు

కొత్త ల్యాప్‌టాప్ కొని వారం తిరక్కుండానే మా అమ్మాయి ఫిర్యాదు తెచ్చింది. "నాన్నా, చదువుకుంటుంటే తెర కన్ను కొడుతోంది." వెళ్లి మౌస్ కదిపి చూశాను. ఏమీ లేదు. షాపుకు పట్టుకెళ్తే అక్కడి కుర్రాడు పది నిమిషాలు టకటకలాడించి "బాగానే ఉంది సార్" అని చేతిలో పెట్టాడు. డాక్టరు గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరం లాంటిదన్నమాట.

మూత ముందుకీ వెనక్కీ వంచాను. కీలు దగ్గర కేబుల్ నలిగితే వంచినప్పుడు బయటపడాలి, పడలేదు. టీవీకి కలిపితే టీవీ మీద రాలేదు. ఆన్ చేసిన వెంటనే తెరుచుకునే బయోస్ సెట్టింగుల తెరను అలాగే వదిలేసినా రాలేదు. సినిమా ఆడుతుంటే అసలే రాలేదు. పీడీఎఫ్ తెరిచి చేతులు కట్టుకుని కూర్చుంటేనే వస్తోంది! అప్పుడు అమ్మాయి అడిగింది: "బొమ్మ మారనప్పుడు తెరకు పనేముంటుంది నాన్నా?"

చాలా ఉంటుంది. గోడమీది క్యాలెండరు బొమ్మను ఒకసారి అచ్చేస్తే చాలు. ల్యాప్‌టాప్ తెరమీది బొమ్మను మామూలుగా సెకనుకు 60 సార్లు మళ్లీ వేయాలి. పాత పిక్చర్ ట్యూబులో ఫాస్ఫర్ పూత వెలుగు చప్పున ఆరిపోయేది కాబట్టి అలా వేసేవారు. ఎల్‌సీడీలో కారణం వేరు. ఇక్కడ ప్రతి చుక్కా ఓ బుల్లి విద్యుత్ కుండ. అందులో ఆవేశం ఎంతుంటే ద్రవస్ఫటికాలు అంత మేర ఒరిగి, వెనక దీపం వెలుగును ఆ లెక్కన వదులుతాయి. చిక్కేమిటంటే, ఆ కుండ కారుతుంది.

అందుకే కుండకో తూము పెట్టారు. అదే పలుచటి పొర ట్రాన్సిస్టర్. మన కాలువల కింద వంతులవారీగా నీళ్లు వదిలే వారబందీ ఎలా నడుస్తుందో ఇదీ అలాగే: ఒక వరస తూములన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, కుండలు నిండుతాయి, తూములు మూసుకుంటాయి, వంతు కింది వరసకు పోతుంది. 1,080 వరసల తెరలో ఒక్కో వరసకు దక్కే సమయం సెకనులో 64,800వ వంతుకు మించదు. ఆలోపే 1,920 పిక్సెళ్లకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున 5,760 కుండలు నిండాలి. పైగా ప్రతిసారీ ధన, రుణాలు తారుమారు చేయాలి, లేకపోతే స్ఫటికాలు పాడవుతాయి. మన చెరువు కింది నీరుకట్టు ఎవరికీ ఇంత చాకిరీ లేదు.

ఈ తూముల తెరను 1970ల మొదట్లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్‌లో పీటర్ బ్రోడీ బృందం చేసి చూపింది. కంపెనీ తర్వాత ఆ పని మానేసింది. జపాన్ కంపెనీలు పట్టు వదల్లేదు, ల్యాప్‌టాప్‌లకు ఈ తెరలు వచ్చాయి. అంతే కథ.

ఇంతకీ నీళ్లు ఎక్కడివి? గ్రాఫిక్స్ చిప్ నుంచి. అది సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు పంపుతూనే ఉంటుంది, మీరు ఒకే పేజీని అరగంట చదివినా సరే. బ్యాటరీకి ఇదంతా దండగ. 2011లో వెసా సంస్థ ల్యాప్‌టాప్ తెరల ప్రమాణంలో దీనికో ఉపాయం చేర్చింది. పేరు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. తెర దగ్గరే ఉండి వరసల వంతులు నడిపే టైమింగ్ కంట్రోలర్‌కు సొంత జ్ఞాపకశక్తి ఇచ్చారు. ఊరి చెరువు నింపుకున్నాక పైనుంచి వచ్చే కాలువ కట్టేసినా వారబందీ ఆగదు కదా! గ్రాఫిక్స్ చిప్ కునుకు తీస్తుంది, తెర తన చెరువు నుంచే తడుపుకుంటుంది. నాకు భలే ముచ్చటేసే ఉపాయం.

ముప్పు మేలుకోవడంలో ఉంది. గడియారం అంకె మారినా చాలు, చిప్ లేచి, కాలువ తెరిచి, తెర ఏ వరసలో ఉందో ఆ తాళానికి కలవాలి. తాళం తప్పితే ఆ ఒక్క ఫ్రేము చెడుతుంది. మా తెర కన్ను కొట్టింది అందుకే. నేను మౌస్ కదిపి చూసినప్పుడల్లా చిప్‌ను నిద్రపోనివ్వలేదు, ఇక జబ్బెలా కనిపిస్తుంది? బయోస్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంకా రంగంలోకే దిగదు కనుక అక్కడ ఈ కునుకుపాట్లు లేవు.

గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆ సదుపాయం ఆపేశాను, తెర కుదుటపడింది. నెల తర్వాత డ్రైవర్ కొత్తది వచ్చాక మళ్లీ పెట్టాను, ఇప్పటిదాకా పేచీ లేదు.

మీ కొత్త ల్యాప్‌టాప్ ఇలా చేస్తే షాపులో ముందే చెప్పండి, రెండు నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దని. స్క్రీన్‌షాట్‌లో ఈ లోపం పడదు. ఫోనుతో వీడియో తీసి పట్టుకెళ్లండి.