ఉమ్మడి రిటర్ను – ఇల్లాలి సంతకం

మన ఆడపడుచులు పలువురు నేడు అమెరికాలో కాపురముంటున్నారు. అక్కడి ఆదాయపు పన్ను చట్టంలో ప్రతి ఇల్లాలూ తెలిసికొనవలసిన విషయమొకటి ఉన్నది.

మన దేశంలో భార్యాభర్తలు ఎవరి రిటర్ను వారే దాఖలు చేస్తారు. అమెరికాలో ఇద్దరూ కలిసి ఒకే రిటర్ను ఇవ్వవచ్చు. సాధారణంగా అందువల్ల పన్ను తగ్గుతుంది కనుక చాలామంది అలాగే చేస్తారు. అయితే 1938 నుండి చట్టంలో ఒక మెలిక ఉన్నది. ఉమ్మడి రిటర్నుపై సంతకం చేసిన ఇద్దరిలో ప్రతి ఒక్కరూ మొత్తం బాకీకి పూచీపడినట్లే. చెరి సగం కాదు, మొత్తం!

భర్త పెట్టుబడుల పేరిట పదిమంది సొమ్ము కాజేసి, దానిని లెక్కలో చూపలేదనుకుందాం. మోసపు సొమ్ముకు కూడా పన్నా అంటారేమో! 1951–54 మధ్య ఒక కార్మిక సంఘ నాయకుడు 7,38,000 డాలర్లకు పైగా అపహరించాడు. అటువంటి సొమ్మూ పన్ను పడే ఆదాయమేనని 1961లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను ఎగవేయడానికి ఇచ్చిన దొంగ రిటర్నుకు కాలదోషం పట్టదు. విడాకుల తీర్పులో “బాకీ భర్తదే” అని ఉన్నా పన్ను శాఖ దానికి కట్టుబడదు. నోటీసు భార్యకూ వస్తుంది.

ఈ అన్యాయాన్ని గుర్తించి, ఏ పాపమూ ఎరుగని భార్యకు లేదా భర్తకు 1971లో చట్టం కొంత రక్షణ కల్పించింది. 1998లో దానిని విస్తరించి మూడు మార్గాలు చూపింది. మూడింటికీ 8857 నంబరు ఫారం పంపాలి.

మొదటి మార్గంలో “నాకు తెలియదు” అంటే చాలదు. తెలిసే ఆస్కారమూ లేదని చూపాలి. ఇంట్లో రాబడికి మించిన వైభోగం కనబడితే ఆ మాట నిలవడం కష్టం. రెండవది విడాకులు పొందినవారికి, భర్త పోయినవారికి, 12 నెలలు వేరుగా ఉన్నవారికి. ఇందులో ఎవరి బాకీ వారికి విడదీస్తారు. కాని సంగతి నిజంగా తెలిసి సంతకం చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఈ రెండింటికీ వసూలు చర్య మొదలైన 2 సంవత్సరాలలోగా అర్జీ పెట్టాలి. మూడవది న్యాయదృష్టితో ఇచ్చేది. భర్త కొట్టి, బెదిరించి నోరెత్తనీయని సందర్భాలను ఇక్కడ ప్రత్యేకంగా గమనిస్తారు.

ఇంత దూరం రాకుండా చూసుకోవడమే మేలు. చదవనిదే సంతకం చేయరాదు. ప్రతి ఏటి రిటర్ను నకలు దగ్గర ఉంచుకోవాలి. లెక్కలో అనుమానముంటే, పన్ను కొంత పెరిగినా సరే, విడిగా దాఖలు చేయాలి. ఇది భర్తను శంకించడం కాదు. నగలు కొనేటప్పుడు తూకం చూసుకునే ఇల్లాలు, సంతకం పెట్టే కాగితాన్ని చూసుకోవద్దా?